అవతలి గట్టు మాట

మా ఇంట్లో మూడు ప్రెషర్ కుక్కర్లున్నాయి. ఒకటి నా పెళ్ళికి పెట్టింది, ఒకటి మావారి ఆఫీసులో ఎవరో ఏదో వేడుకకి ఇచ్చింది, మూడోది పాత సామాను వేసి నేను తెచ్చుకున్నది. మూడూ అయిదు లీటర్లవే. మూడూ మూడు కంపెనీలవి. ఒకదాని రబ్బరు ఇంకోదానికి పట్టదు. ఆదివారం పూట చుట్టాలు దిగినప్పుడే రబ్బరు తెగుతుంది, అదేం చోద్యమో! పక్కనే రెండు మంచి రబ్బర్లు వేలాడుతుంటాయి, పప్పు మాత్రం ఉడకదు. ఇందులో ఆలోచించవలసినంత విషయమేమీ లేదని మావారి అభిప్రాయం. 2024 ఆగస్టుదాకా నాదీ అదే అభిప్రాయం.

మా అక్కయ్య భద్రాచలం దాటాక చర్ల దారిలో, అడవి అంచున, ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో టీచరు. అటు పక్క కొండలు దాటితే ఛత్తీస్‌గఢ్. రాయవలసిన నవల ఒకటి ఖమ్మంలో మా ఇంటి కాలింగ్ బెల్ మధ్య ముందుకు సాగడం లేదని, నాలుగు రోజులుందామని అక్కయ్య క్వార్టర్సుకి వెళ్ళాను. రెండోరోజు అక్కయ్యకి భద్రాచలంలో మీటింగు. వాన పట్టుకుంది, వాగు పొంగింది, ఆవిడ ఆ రాత్రికి అక్కడే ఉండిపోయింది.

రాత్రి తొమ్మిదింటికి బడి ఆయా వచ్చి తలుపు కొట్టింది. కోడలికి నొప్పులు మొదలయ్యాయి, నీళ్ళు పోతున్నాయి. ఆయా ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ కొడుకు పట్టుకుని పనికి వెళ్ళాడు. "అమ్మా, నీ ఫోన్ల నూట ఎనిమిది కొట్టవా?" అంది.

కొట్టాను. పోలేదు. మళ్ళీ కొట్టాను. ఫోను పైన చిన్న అక్షరాలతో 'అత్యవసర కాల్స్ మాత్రమే' అని ఉంది. ఇది అత్యవసరం కాకపోతే మరేది అత్యవసరం తల్లీ అని దానికేసి చూశాను. కిటికీలోంచి చూస్తే ఎదురుగా కొండమీద టవరు ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆ టవరు వేరే కంపెనీది. నా ఫోను వేరే కంపెనీది. అంతే తేడా.

ఇలాంటి రాత్రులు నా నవలల్లో చాలా రాశాను. ఎవరో ఒకరు జీపు వేసుకుని వస్తారు. ఇక్కడ ఎవరూ రాలేదు. చివరికి ఒక పదో తరగతి పిల్ల టార్చిలైటు పట్టుకుని అవతలి గుంపులో ఉండే ఆశా కార్యకర్త దగ్గరికి పరుగెత్తింది. ఆమె ఫోను ఆ టవరు కంపెనీదే కాబట్టి మోగింది. వాగు ఇవతలిదాకా మంచం మీద మోశారు. తెల్లవారుజామున భద్రాచలంలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. అందుకే కుక్కర్ల దగ్గర మొదలుపెట్టి ఈ సంగతి రాయగలుగుతున్నాను.

మా అక్కయ్య కొడుకు హైదరాబాదులో ఈ ఫోన్ల విద్యే చదివి ఉద్యోగం చేస్తున్నాడు. జరిగింది వాడికి చెప్పి కోప్పడ్డాను, వాడొక్కడే ఆ టవరు కట్టినట్టు. వాడు అంతా విని, "పిన్నీ, నువ్వు నూట పన్నెండు కొట్టాల్సింది" అన్నాడు.

ఫోను ఎప్పుడూ తన చుట్టూ ఉన్న టవర్లని వింటూనే ఉంటుందట. తన కంపెనీది దొరికితే గీతలు చూపిస్తుంది. ఏ టవరూ వినపడకపోతే 'సర్వీసు లేదు' అంటుంది. తనది దొరక్క, పక్కవాళ్ళది వినపడుతుంటే, అప్పుడు అంటుంది 'అత్యవసర కాల్స్ మాత్రమే' అని. అంటే ఆ రాత్రి నా ఫోనుకి కొండమీది టవరు వినిపిస్తూనే ఉంది! 112 అన్న అంకెని ఫోను పుట్టుకతోనే గుర్తుపడుతుందట. అది నొక్కితే తన పర బేధం లేకుండా ఏ టవరు అందితే ఆ టవరుని పట్టుకోవాలని, ఫోన్లు తయారుచేసేవాళ్ళు, టవర్లు కట్టేవాళ్ళు అందరూ పాటించే నియమాల్లోనే రాసి ఉందట. 108 మనకి 2005 నుంచీ కంఠతా వచ్చు. కానీ ఫోను దృష్టిలో అది పక్కింటి నంబరు లాంటి మామూలు నంబరు కావచ్చు.

బి.ఏ. చదివాను. పాతిక వేలు పెట్టి ఫోను కొన్నాను. తెరిచే తలుపు ఒకటి ఉందని తెలియక మూసిన తలుపే బాదుతూ కూర్చున్నాను. ఆ సిగ్గు ఎలాగూ ఉంది. కానీ నన్ను ఎక్కువ గుచ్చింది ఇంకోటి. ఇన్నాళ్ళూ అడవిలో సిగ్నల్ లేదంటే, లేదు కాబోలు అనుకునేదాన్ని, నీళ్ళు లేని బావిలా. 'లేదు' అనడం వేరు, 'నీకు లేదు' అనడం వేరు గదా. ఆ రాత్రి నాకు చెప్పింది రెండోమాట.

మా తాతయ్యది బూర్గంపాడు. ఆయన చిన్నప్పుడు గోదావరికి ఇవతలి గట్టు నిజాం రాజ్యం, అవతల భద్రాచలం ఇంగ్లీషువాళ్ళ మద్రాసు రాజ్యం. ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారులు. ఇక్కడి స్టాంపు నిజాం హద్దు దాటితే రంగు కాగితం. రాములవారి కల్యాణానికి పడవెక్కి వెళ్ళేవాళ్ళు రేవు దగ్గర చిల్లర మార్పించుకునేవాళ్ళట. మార్చేవాడు గొడుగు కింద కూర్చునేవాడు. ఏడింటికి ఆరు అన్నది సర్కారు లెక్క, గొడుగు కింద లెక్క వేరు. "గోదావరి దాటడానికి పడవవాడికి ఇచ్చినదానికంటే గొడుగువాడికి ఇచ్చిందే ఎక్కువరా" అనేవాడు తాతయ్య. ఏటి వెడల్పు దేవుడు పెట్టింది, దానికి పడవ కూలి న్యాయమే. రెండు నాణాలు మనుషులు పెట్టుకున్నవి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది, 1965లో వంతెన వచ్చింది. 2014 తరవాత మళ్ళీ ఊరు ఒక రాష్ట్రం, ఊరిని ఆనుకున్న పల్లెలు ఇంకో రాష్ట్రం. గీతలు గీయడంలో మనవాళ్ళకి విసుగు లేదు. ఒక్క ఊరట ఏమిటంటే ఫోను లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్ర ఇప్పటికీ ఒకటే సర్కిలు.

ఈ గొడుగు కింది మనిషి యూరప్‌లోనూ ఉండేవాడని మావాడు చెప్పాడు. 1850ల్లో ఫ్రాన్సు తంతి తీగ, పక్కనున్న జర్మను రాజ్యం తంతి తీగ కలిసేవి కావు. స్ట్రాస్‌బర్గ్‌లో ఒకే బల్లకి అటూ ఇటూ ఇద్దరు గుమాస్తాలు. ఇటువాడు వచ్చిన తంతిని కాగితం మీద రాసి బల్ల మీదుగా అటు తోస్తాడు. అటువాడు దాన్ని జర్మనులోకి మార్చుకుని తన తీగ మీద మళ్ళీ కొడతాడు. మెరుపు వేగంతో వచ్చిన వార్త, మూరెడు బల్ల దగ్గర గుమాస్తా చేతివేగానికి దిగిపోయేదన్నమాట! ఈ బాధ పడలేకే 1865 మే 17న పారిస్‌లో ఇరవై రాజ్యాలవాళ్ళు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. ఆ రోజుల్లో ఆ రాజ్యాలకి ఒకదానిమీద ఒకదానికి ఎంత ప్రేమ ఉండేదో చరిత్ర చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తరవాత యుద్ధాలూ చేసుకున్నారు. తంతి ఒప్పందం మాత్రం నిలిచింది, సెల్‌ఫోనుదాకా వచ్చింది. 1987లో కోపెన్‌హాగన్‌లో పదమూడు దేశాలవాళ్ళు మళ్ళీ సంతకాలు పెట్టారు, అప్పటిదాకా ఒక దేశం కారు ఫోను ఇంకో దేశం సరిహద్దులో మూగబోయేది కాబట్టి. ఈనాటి మన ఫోనులోని చిన్న కార్డు ఆ సంతకాల సంతానమే.

"అదంతా సరే పిన్నీ" అన్నాడు మావాడు, "కానీ ఆ కొండమీద టవరు కట్టినవాడి సంగతి ఆలోచించావా? సామాను ఎడ్లబండ్ల మీద ఎక్కించాలి. కరెంటుండదు, సోలారు పలకలు పెట్టాలి. టవర్లు తగలబెట్టిన రోజులున్నాయి. మీ కంపెనీ ఆ తిప్పలేమీ పడకుండా పట్నంలో కూర్చుంది. ఇప్పుడు మీ కంపెనీ ఖాతాదారు వచ్చి ఆ టవరెక్కుతానంటే కట్టినవాడికి కడుపు మండదా?"

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ ప్రశ్న నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. మనం దొడ్లో బావి తవ్వించుకుంటే ఊరంతా చేదలు పట్టుకొస్తే ఎలా ఉంటుంది? ఇవ్వకపోతే పాపం, ఇస్తే పక్కవాడెవడూ తవ్వించడు.

కానీ ఆ బావి ఎవరి డబ్బుతో తవ్వారన్నది వాడు మొదట చెప్పలేదు. తరిచి అడిగితే చెప్పాడు. ఫోను కంపెనీలు తమ రాబడిలో, సర్కారు లెక్క ప్రకారం, నూటికి ఐదు రూపాయలు పల్లెల నిధికి కట్టాలి. 2002 నుంచీ ఉంది ఈ పద్ధతి. 2023 టెలికం చట్టంతో దాని పేరు 'డిజిటల్ భారత్ నిధి' అయింది. ఆ కొండమీది టవరు ఆ నిధిలోంచి లేచిందే. కంపెనీల రాబడి ఎక్కణ్ణించి వస్తుంది? ఖమ్మం రైతుబజారులో కూరలమ్మే ఆవిడ వేయించుకునే రీచార్జిలోంచి, నాదాంట్లోంచి, ఆయా కొడుకుదాంట్లోంచి. మేమందరం తలా ఇంత వేసి తవ్వించిన బావి గట్టు మీద నిలబడి 'నీకు లేదు' అనిపించుకున్నానన్నమాట! మావాడు నవ్వి, "అందుకే ఇప్పుడు మారుస్తున్నారు" అన్నాడు. నిజమే. 2025 జనవరిలో కేంద్రం ఒక ఏర్పాటు మొదలుపెట్టింది. ఈ నిధితో కట్టిన దాదాపు ఇరవై ఏడు వేల టవర్లలో ఏ కంపెనీ టవరైనా, ఆ పథకంలో ఉన్న మిగతా కంపెనీల ఖాతాదారులనీ మోయాలి. ముప్పై ఐదు వేల పైచిలుకు పల్లెలకి ఇది వర్తిస్తుందట. అంతకుముందు 2022లో అస్సాంలో వరదలొచ్చినప్పుడు కొన్ని జిల్లాల్లో కొన్నాళ్ళపాటు ఇలాగే తెరిచారు. అంటే యంత్రానికి ఎప్పుడూ చేతనవును. మనసు రావడానికే వరద కావలసి వచ్చింది.

సరే, సొంత డబ్బుతో కట్టిన టవరో? అక్కడ పడవవాడే నాకు దారి చూపించాడు. పడవ వాడిదే. కూలి అడగొచ్చు, గట్టిగా అడగొచ్చు. కానీ రేవులో పడవ వేసినవాడు 'ఫలానా ఊరివాళ్ళని ఎక్కించుకోను' అనకూడదు. అలా అన్న రోజులూ లేకపోలేదు. ఏ కులాలవాళ్ళని అలా ఏటి ఒడ్డున నిలబెట్టారో మన పెద్దలకి బాగా తెలుసు. తమ పడవ, తమ ఇష్టం అనే అప్పుడూ అన్నారు. దారి మీద బతికేవాడికి దారిన పోయేవాళ్ళని ఏరుకునే హక్కు లేదని నేననుకుంటాను. ఏరుకోవడానికి తలుపు మూయక్కర్లేదు కూడా, తలుపు సన్నం చేస్తే చాలు. 2016లో మన దేశంలోనే కొత్తగా వచ్చిన కంపెనీ నుంచి పాత కంపెనీలకి పోయే కాల్స్ కుప్పలు కుప్పలుగా ఆగిపోయాయి. రెండు కంపెనీలు కలిసేచోట వెయ్యి కాల్స్‌లో ఐదుకి మించి ఆగకూడదని నియమం. తీగలు చాలినన్ని ఇవ్వలేదని కొత్తవాళ్ళు, ఉచితమని ఊరంతటినీ మా మీదికి తోలారని పాతవాళ్ళు. ట్రాయ్ సంస్థ మూడు పాత కంపెనీల మీద మూడు వేల యాభై కోట్ల జరిమానాకి సిఫారసు చేసింది. వాళ్ళ తగువు వాళ్ళు తేల్చుకుంటారు. మధ్యలో 'హలో హలో' అని అరిచి ఫోను పెట్టేసినవాళ్ళు ఏ కంపెనీ మనుషులూ కారు, వాళ్ళు మామూలుగా అమ్మతోనో అల్లుడితోనో మాట్లాడబోయినవాళ్ళు.

మావాడు ఇంగ్లీషులో 'స్టాండర్డు' అంటున్నప్పుడల్లా నేను మనసులో ప్రమాణం అని తెలుగు చేసుకుంటూ వచ్చాను. అప్పుడు తట్టింది. మన భాషలో కొలతకీ ప్రమాణమే, ఒట్టుకీ ప్రమాణమే. తాతయ్య చెప్పేవాడు, అడవి సంతల్లో కొందరు షావుకార్లకి రెండు మానికలుండేవని, చింతపండూ ఇప్పపువ్వూ కొనడానికి పెద్దది, ఉప్పు అమ్మడానికి చిన్నది. కోయవాళ్ళకి మోసం తెలియక కాదు. సంతలో అందరూ నమ్మే మూడో మానిక లేక. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది గనక, కనీసం చూపించి అడగడానికి ఒక కిలో రాయి ఉంది. కొలత అందరికీ కనపడేచోట ఉంటే బలం లేనివాడు కూడా వేలెత్తి చూపించగలడు. ఫోనుల్లోనూ అంతే. మన దేశంలోనే తయారైన యంత్రాలతో బి.ఎస్.ఎన్.ఎల్. 4జి టవర్లు మొదలైతే, ఎక్కడో కొరియాలో తయారైన ఫోను వాటితో మొదటిరోజే మాట్లాడింది. ఆ ఫోను చేసినవాడు ఈ టవరు మొహం చూడలేదు. ఎప్పుడో, ఎవరో ఎదురవుతారు, వాళ్ళతో ఇలా మాట్లాడతాను అని ముందుగానే ఒట్టు పెట్టుకున్నాడు. పరిచయం లేనివాళ్ళకి మాట ఇవ్వడం మనుషుల్లో కూడా అంత తేలిక కాదు. మా వీధిలో ఎవరైనా కొత్తగా దిగితే వాళ్ళెవరో, ఏమిటో తేలేదాకా పాలచెంబు కూడా ఇవ్వం.

ఇక్కడిదాకా రాసి ఉత్సాహంగా అక్కయ్యకి చదివి వినిపించాను. ఆవిడ పాతికేళ్ళుగా ఒకటో తరగతికి చెబుతోంది. విని, "ప్రమాణం ఎవరిదే?" అంది. "నా క్లాసులో పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు. బళ్ళో తెలుగు నేర్చుకుంటారు, లేకపోతే సంతలో, ఆసుపత్రిలో నోరు పెగలదు. ఇన్నేళ్ళలో కోయ నేర్చుకున్న తెలుగు షావుకారు నాకు ఎంతమంది కనిపించారో వేళ్ళు మడవక్కర్లేకుండా చెబుతాను. అందరికీ ఒకే మాట అంటే, సగం మంది నేర్చుకోవాలి, సగం మంది కూర్చోవాలి."

నా దగ్గర జవాబు లేదు. ఆ అడవిలోనే కోయ బంధువులు ఇటువైపు తెలుగు లిపిలో, ఛత్తీస్‌గఢ్ వైపు నాగరిలో, ఒరిస్సా వైపు ఒడియాలో చదువుకుంటున్నారు. మేనమామ రాసిన చీటీ మేనకోడలు చదవలేదు. ఉమ్మడి కొలత లేకపోతే ఒక కష్టం, ఉంటే అది ఇంకెవరి కొలతో అయి కూర్చోవడం ఇంకో కష్టం.

మావాడిని అడిగితే ఒక సంగతి చెప్పాడు, అది కాస్త మనసుకి పట్టింది. 5జి ఫోన్లకి ప్రపంచమంతటికీ నియమాలు రాస్తున్నప్పుడు పల్లె అంటే ఒక టవరుకీ ఇంకో టవరుకీ మధ్య రెండు కిలోమీటర్లు కూడా లేని పల్లెనే లెక్కలో పెట్టుకున్నారట. అది ఏ దేశపు పల్లో! మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు, మా దగ్గర టవర్ల మధ్య ఆరు కిలోమీటర్లుంటుంది, అదీ రాయండి అని పట్టుబట్టారు. ఐక్యరాజ్యసమితి టెలికం సంస్థ పరీక్షల్లో ఆ ఆరు కిలోమీటర్ల పల్లె చేరింది. హైదరాబాదు ఐ.ఐ.టి., మద్రాసు ఐ.ఐ.టి. వాళ్ళూ కలిసి దానికి తగిన పద్ధతి తయారుచేస్తే 2020లో ఆ సంస్థ అంగీకరించింది. అప్పుడు ఇంకో చిక్కొచ్చింది. ఇది మన పద్ధతి అని విడిగా పెట్టుకుంటే మనకి వేరే ఫోన్లు కావాలి. మనవాళ్ళు మళ్ళీ ఒక బావి చుట్టూ గోడ కట్టుకున్నట్టే. మరుసటి ఏడాదికల్లా రెండువైపులా సర్దుకుని దాన్ని ఉమ్మడి నియమాల్లోనే కలిపేశారు. ఆ బల్ల దగ్గర మనవాళ్ళకి కుర్చీ దొరికింది కాబట్టి ఆ మాట నెగ్గింది. అక్కయ్య క్లాసులో పిల్లలు ఏ బల్ల దగ్గరా లేరు. పిల్లల పుస్తకంలో కోయ మాటలు ఎన్ని ఉండాలో తేల్చేచోట కూడా, చాలాసార్లు, కోయవాళ్ళు గుమ్మం బయటే.

2025 వేసవి సెలవులు ఇవ్వబోయే ముందు మళ్ళీ అక్కయ్య దగ్గరికి వెళ్ళాను. ఆ కొండమీది టవరుకి ఇంకా తెరుచుకునే వంతు రాలేదు. నా ఫోను మీద అదే మాట. ఆయా మనవరాలు బోర్లా పడి, పాకి, ఇప్పుడు స్తంభం పట్టుకుని నిలబడుతోంది. బడి వరండా గోడ మీద ఎప్పుడో రంగుతో రాసిన 108 ఉంది. దాని పక్కన సుద్దముక్కతో పెద్దగా 112 అని రాశాను. ఆయాకి అక్షరాలు రావు, అంకెలొచ్చు. అన్ని కంపెనీల ఫోన్లలోంచీ పోతుందని, పైన గీతలు లేకపోయినా, రీచార్జి అయిపోయినా కొట్టి చూడమని చెప్పాను.

"ఇది ఏ కంపెనీదమ్మా?" అంది.

ఏ కంపెనీదీ కాదన్నాను.

ఆమె చంకలో పిల్లని సర్దుకుంటూ గోడకేసి కాసేపు చూసి, "అయితే పైసలెవరికి కట్టాలె?" అని అడిగింది.